బెల్లం మాన్పించిన ఏడాది

ఈ జబ్బుతో ఎవరూ చావరు. దీనితో వచ్చిన చిక్కంతా అదే. టైఫాయిడ్ వస్తే వీధి వీధంతా వచ్చి పలకరిస్తుంది, బత్తాయిలు తెస్తుంది, మంచం పక్కన కూర్చుని నిట్టూరుస్తుంది. మలేరియా వస్తే ఎవరింట్లో ఎవరికి ఎంత చలి పుట్టిందో చెప్పుకుని గొప్పలు పోతారు. పిల్లవాడికి నులిపురుగులు అని చెప్పి చూడండి. పెదవి బిగించి నవ్వు ఆపుకుంటారు. "ఓస్, అంతేనా?" అని లేచి వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ 'అంతేనా'తో దాదాపు ఏడాది కాపురం చేసినదాన్ని నేను. ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాను కాబట్టి రాస్తున్నాను. పైకి చెప్పుకోలేక లోపల్లోపల ఉడికిపోతున్న తల్లులు మా ఊళ్ళో ఇంకా ఉన్నారని నాకు తెలుసు. చదువు వచ్చినవాళ్ళు చదువుకుంటారు, రానివాళ్ళకు ఎవరైనా చదివి వినిపిస్తారు.

మాది అనకాపల్లి. మా ఆయన బెల్లం మండీలో గుమస్తా. యుద్ధం ఇంకా సాగుతూనే ఉంది. కిరసనాయిలుకు వరస, గుడ్డకు వరస, సబ్బు సంగతి అడగనే అక్కర్లేదు. ఇంట్లో మా అత్తగారు, మేమిద్దరం, పిల్లలిద్దరు. పెద్దవాడు సూరి, అయిదేళ్ళవాడు. చిన్నది బుజ్జి, మూడో ఏడు నడుస్తోంది. ఈ జబ్బు సూరి ఒక్కడిదే అని చాలా రోజులు అనుకున్నాం.

మాఘం

బెల్లం మంచి ఊపు మీదున్న రోజులు. మా ఆయన పొద్దున్నే వెళితే దీపాలు పెట్టాక గానీ ఇల్లు చేరేవారు కాదు. సూరి అంతవరకూ ఎత్తుకెళ్ళి ఇంకో ఊళ్ళో పడుకోబెట్టినా తెలియనంత మొద్దునిద్ర పోయేవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి పక్క మీద మసలడం మొదలుపెట్టాడు. పళ్ళు పటపట కొరికేవాడు. నిద్రలోనే లేచి, కూర్చునే చోట గోక్కుంటూ ఏడ్చేవాడు. తెల్లవారితే కళ్ళు ఉబ్బి, ముఖం వేలాడేసుకుని తిరిగేవాడు. అన్నం దగ్గర పేచీ, ఊరికే చెల్లెల్ని గిల్లడం. వీడు బడిలో ఒక్క చోట కుదురుగా కూర్చోడు, ఇంట్లో ఏం నేర్పుతున్నారమ్మా అని మాస్టారు కబురు పెట్టారు.

పిల్లలిద్దరూ పడుకునేది మా అత్తగారి దగ్గర. పాత చీరలన్నీ కలిపి తను కుట్టుకున్న పెద్ద బొంత ఒకటి ముందు గదిలో పరిచేది. మధ్యన ఆమె, అటొకరు, ఇటొకరు. రాత్రి అన్నం కూడా అంతే. దీపం పెట్టగానే ఒక గిన్నెలో అన్నం కలుపుకుని కూర్చునేది. వాడికో ముద్ద, దానికో ముద్ద, మధ్యలో ఓ కబురు. కొండకర్ల చెరువు నుంచి చేపలు వచ్చిన రోజున ఆమె కుడిచేతి బొటనవేలి గోరు చూడాలి. దాన్ని పనిగట్టుకుని పొడుగ్గా పెంచేది. ఆ గోటితో సన్న ముల్లు కూడా వదలకుండా ఏరి గానీ పిల్లల నోట్లో పెట్టేది కాదు. నేను పెడతానంటే నా పిల్లలే మూతి తిప్పేసేవారు. నిజం చెప్పాలంటే నాకదొక సుఖంగానే ఉండేది, ఆ వేళకు వంటింట్లో పని తెమిలిపోయేది.

ఒకరోజు వాడి లాగు ఉతకబోతుంటే తెల్లటి దారప్పోగు ముక్కలాంటిది కనబడింది. దులపబోతే కదిలింది. చేతిలో లాగు విసిరేశాను. మా అత్తగారిని పిలిచి చూపించాను. ఆమె కొంచెం కూడా కంగారు పడలేదు.

"నులిపురుగులే. బెల్లం ఎక్కువైపోనాది ఈడికి. మాన్పించీ," అంది.

ఊరంతా అదే మాట. పక్కింటామె అదే అంది, పాలు పోసే అతను అదే అన్నాడు, మా అమ్మకు కబురు పంపిస్తే ఆమె కూడా అదే చెప్పి పంపింది. సరే, మాన్పిద్దాం అనుకున్నాను. అనకాపల్లిలో పిల్లవాడికి బెల్లం మాన్పించడమంటే ఏమిటో బయటి ఊళ్ళవాళ్ళకు తెలియదు. మాఘంలో మా వీధిలో మట్టి కూడా తియ్యగా ఉంటుంది. బళ్ళ మీంచి దించేటప్పుడు దిమ్మ పగిలితే ఆ ముక్కలు పిల్లలవి. దిమ్మలు మోసే కలాసీలు నడుము వాల్చినప్పుడు పిల్లాడు కనిపిస్తే పిలిచి మరీ చేతిలో పెడతారు. సరుకు చూపించడానికి గీకిన బెల్లం మా ఆయన చొక్కా జేబులో పొడిపొడిగా ఇల్లు చేరుతుంది. నేను మటుకు వాకిట్లో కాపలా కుక్కలా కూర్చుని, వాడు బయటినుంచి వచ్చినప్పుడల్లా చేతులు పట్టుకుని వాసన చూసేదాన్ని. వాసన వస్తే దెబ్బలు. రాకపోతే, నాకి వచ్చావు కదూ అని దెబ్బలు.

దానితో పాటు వైద్యాలు. వేపచిగురు నూరి ఉండ కట్టి మింగించాం. వాయువిళంగాల పొడి తేనెలో ఇచ్చాం. ఆముదం సరేసరి. వాడు ఆముదం సీసా చూస్తే చాలు, పెరటి గోడ దూకి పారిపోయేవాడు. పట్టుకొచ్చి, కాళ్ళు నేను, చేతులు మా అత్తగారు పట్టుకుని, ముక్కు మూసి పోసేవాళ్ళం. ఆ రోజుకు కడుపంతా కడిగినట్టయి, నాలుగు రోజులు బాగుండేవాడు. హమ్మయ్య అనుకునేసరికి మళ్ళీ పళ్ళు కొరికిన చప్పుడు వినిపించేది.

జాతర రోజులు

ఉగాది ముందురోజు కొత్త అమావాస్య జాతరకు ఊరంతా చుట్టాలు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ పిల్లవాడి చేతిలో ఏదో ఒక తీపి పెట్టడం, నేను లాక్కోవడం, వాడు నేల మీద పడి దొర్లడం, వచ్చినవాళ్ళు నన్ను రాక్షసిని చూసినట్టు చూడడం. జబ్బు సంగతి చెప్పి సంజాయిషీ ఇద్దామంటే నోరు రాదు. చెబితే నవ్వుతారు.

అదే వారంలో వాడు మంచం కింద దూరి బెల్లం చప్పరిస్తూ దొరికాడు. మా ఆయన చూశారు. చూసి వాణ్ణేమీ అనలేదు, నా మీద ఒంటికాలి మీద లేచారు. ఇంట్లో ఉండి ఒక్క పిల్లవాణ్ణి కాయలేవా, రోజంతా ఏం చేస్తున్నావన్నారు. మీ చొక్కా జేబు ఒకసారి దులుపుకుని మాట్లాడండి అన్నాను. ఆయన విసురుగా కంచం ముందునుంచి లేచిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇద్దరి మధ్య మాటలు పిల్లల ద్వారానే సాగాయి. ఇంత చిన్న పురుగు, కంటికి సరిగ్గా ఆనను కూడా ఆనదు, అది మా మధ్య ఇంత గోడ కట్టింది.

ఇక లాభం లేదని వాణ్ణి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. వరండా నిండా జనం. చంటిపిల్లలు, జ్వరాలు, కాలికి కట్లు. కాంపౌండరు బల్ల వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళను జబ్బేమిటని అడిగి చీటీ రాస్తున్నాడు. నా వంతు వచ్చింది. వంగి మెల్లగా చెప్పాను. వినబడలేదు, గట్టిగా చెప్పమన్నాడు. మళ్ళీ మెల్లగానే చెప్పాను. "నులిపురుగులా? ఆ మాటేదో నోరు తెరిచి చెప్పొచ్చు కదమ్మా," అని వరండా మొత్తానికి వినబడేలా అన్నాడు. వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. సూరి నా చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకున్నాడు. అయిదేళ్ళవాడికి సిగ్గు అంటే ఏమిటో ఆవేళ తెలిసింది.

అప్పుడు గాజుల కొట్టు సాహెబుగారి భార్య, బీబీ అంటారు ఆమెను, బెంచీ చివర కూర్చున్నది లేచి నిలబడింది. ఆమె చేతిలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఇద్దరు.

"మా ఇంట్లో పిల్లలందరికీ అవే బాబూ. పెద్దోళ్ళకి కూడా ఉన్నాయేమో ఎవరికి తెలుసు. ఆమెది రాసినాక మాది కూడా రాసుకో," అంది కాంపౌండరుతో, బజార్లో బేరమాడినంత గొంతుతో.

ఈసారి అందరూ పైకే నవ్వారు, ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. ఆ నవ్వు నా మీద నుంచి ఎటో వెళ్ళిపోయింది. నన్ను తన పక్కన కూర్చోమని బెంచీ మీద చోటు చేసింది. సూరికి తన పిల్ల చేతిలోని గాజుముక్కల దండ ఆడుకోమని ఇచ్చింది. మందు కంటే ముందు నాకు ఆవేళ పనిచేసింది అదే. ఆమె అన్న మాటలో విషయం ఉందని మాత్రం నాకు అప్పుడు తట్టలేదు.

డాక్టరుగారు కుర్రవాడు, తల ఎత్తకుండా రాసి పంపించేశారు. పొట్లాలు ఇచ్చారు. వాడికి వేశాను. బ్రహ్మాండంగా పనిచేసింది. వాడు రాత్రంతా కదలకుండా నిద్రపోతే, నేను లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను. శ్రీరామనవమి వెళ్ళింది, ఎండలు ముదిరాయి. మామిడిపళ్ళు వచ్చేనాటికి వాడు మళ్ళీ పక్క మీద దొర్లుతున్నాడు. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ అవే పొట్లాలు, మళ్ళీ నాలుగు రోజుల ముచ్చట. ఒక యుద్ధం గెలిచి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో శత్రువు కాళ్ళు కడుక్కుంటూ కనిపిస్తే ఎలా ఉంటుంది? నాకు అలా ఉండేది.

ఆషాఢం

కుర్ర డాక్టరుగారు సైన్యంలోకి వెళ్ళిపోయారు. ఆయన బదులు పెన్షను పుచ్చుకున్న ముసలి డాక్టరుగారిని పిలిపించి కూర్చోబెట్టారు. ఆయనకు చెవుడు, చిరాకు. కానీ నా మొర చివరిదాకా విన్న మొదటి మనిషి ఆయనే. బెల్లం మాన్పించినా తగ్గలేదండీ అంటే, ముక్కు మీదికి కళ్ళజోడు దించి నన్ను చూశారు.

"బెల్లంతో వచ్చేదైతే ఈ ఊళ్ళో ఒక్కడైనా మిగులుతాడా అమ్మా? వీడు ఎవరి పక్కన పడుకుంటాడో చెప్పు," అన్నారు.

చెప్పాను. ఎవరి చేత్తో తింటాడన్నారు. అదీ చెప్పాను. అప్పుడు ఓపిగ్గా వివరించారు. పిల్లవాడు గోక్కుంటే ఆ పురుగు గుడ్లు గోళ్ళలో చేరతాయట. అక్కణ్ణించి పక్కబట్టలకు, బొమ్మలకు, మరొకరి చేతికి, ఆ చేతినుంచి మళ్ళీ నోటికి. ఒక్కడికి మందు వేస్తే మిగిలినవాళ్ళ దగ్గర్నుంచి తిరిగి వాడికే వస్తుందట. కాబట్టి ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు వేసుకోవాలి. రెండు వారాలు ఆగి మరోసారి వేసుకోవాలి. పక్కబట్టలు ఉడకబెట్టి ఎండలో ఆరేయాలి. అందరూ గోళ్ళు మొదలంటా తీయించుకోవాలి.

పొట్లాలు కట్టించుకుని, దారి పొడుగునా ఎగురుకుంటూ వచ్చాను. ఇక్కడితో అయిపోయింది అనుకున్నాను. నా వెర్రి గానీ!

ముందు బొంతతో మొదలుపెట్టాను. పెరట్లో పెద్ద కాగు పెట్టి, కుంకుడుకాయలు వేసి ఉడకబెట్టాను. మా అత్తగారు పక్కనే నిలబడి, ఈ బొంత చిరిగితే మళ్ళీ కుట్టడానికి కంట్రోలు కొట్లో బట్ట ఎవడిస్తాడని సణుగుతూనే ఉంది. ఆషాఢంలో ఎండెక్కడిది? మూడు రోజులు ముసురు. తడి బొంత వసారా నిండా వేలాడి ముక్కవాసన కొట్టింది. ఆ ఊపులో పిల్లల బొమ్మలు కూడా కాగులో పడేశాను. సూరికి ఏటికొప్పాక లక్క బొంగరం ఒకటుండేది, వాడికి ప్రాణం. తీసి చూస్తే ఎరుపూ పసుపూ కలిసి మెత్తబడి, కర్రను పట్టుకుని వేలాడుతున్నాయి. వాడు దాన్ని చేతిలో పెట్టుకుని నా వంక చూసిన చూపు నేను మరిచిపోను. ఏడవలేదు. బెల్లం లాక్కున్నాం, ఆముదం పోశాం, చివరికి బొంగరం కూడా ఉడకబెట్టాం. ఏడ్చి లాభం లేదని వాడికి అర్థమైపోయింది.

తరువాత గోళ్ళు. ఇది మరీ అన్యాయం. మంగళవారం తీయకూడదు. శుక్రవారం తీయకూడదు. లక్ష్మివారం, అదే గురువారం, మాట ఎత్తితేనే తప్పు. శనివారం వెంకన్నది. సోమవారం మా ఆయన పుట్టిన వారం. మిగిలిన రెండింటిలో బుధవారం మా మంగలి వేరే ఊరు వెళతాడు. ఆదివారం వస్తాడు, కానీ ఆ ఆదివారం అమావాస్య పడింది. దీపం పెట్టాక తీయకూడదు, తెల్లవారకుండా తీయకూడదు. ఈ లెక్కలన్నీ మా అత్తగారివి. పురుగులకు వారం వర్జ్యం లేదు కదా అని నేను పళ్ళు నూరుకున్నాను. చివరికి ఆమె గుడికి వెళ్ళిన సమయం చూసి మా ఆయన గడ్డం బ్లేడుతో పిల్లలవీ నావీ తీసేశాను. మా ఆయనవి మంగలి తీశాడు. ఆమె గోళ్ళ జోలికి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది, ముఖ్యంగా ఆ బొటనవేలి గోరు.

మందు మాత్రం ఒకే రోజు అందరికీ పంచాను. మా ఆయన మూతి ముడుచుకుని మింగారు. నేను మింగాను. పిల్లలకు వేశాను. మా అత్తగారి చేతిలో పొట్లం పెడితే, నాకెందుకే అని ఒకసారి అంది. డాక్టరుగారు అందరికీ అన్నారు అత్తా అన్నాను. సరేలే, పడుకునే ముందు మింగుతాను అంది. మర్నాడు అడిగితే, మింగేనమ్మా అంది. రెండో విడతప్పుడూ అదే మాట. నాకు అనుమానం రావలసిన కారణం ఏమీ కనిపించలేదు.

భాద్రపదం

మళ్ళీ వచ్చాయి.

ఈసారి నాకు కోపం కూడా రాలేదు, నీరసం వచ్చింది. గోడకు తల కొట్టుకుందామంటే అందుకు కూడా ఓపిక లేదు. సూరి చిక్కి సగమయ్యాడు. దురద పుట్టి మెలకువ వస్తే చాలు, కళ్ళు తెరవకుండానే "నాను బెల్లం తిననేదమ్మా, ఒట్టు, తిననేదు" అని ఏడ్చేవాడు. డాక్టరుగారు చెప్పింది చెప్పినా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. వాడి బుర్రలో అయితే అది మేకులా దిగిపోయింది. తను చెడ్డవాడు కాబట్టే ఇలా అవుతోందని వాడు గట్టిగా నమ్మాడు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కోసింది అదే.

అప్పుడు వాతల మాట లేచింది. మా అత్తగారి పుట్టిల్లు నాతవరం దగ్గర పల్లె. అక్కడ పసుపుకొమ్ము కాల్చి పిల్లల బొడ్డు చుట్టూ వాతలు పెట్టే ముసలాయన ఉన్నాడు. కడుపు జబ్బులు అన్నీ దానితో పోతాయని వాళ్ళ నమ్మకం. నేను ససేమిరా అన్నాను. మా ఆయన చొక్కా పైకెత్తి తన బొడ్డు చుట్టూ ఉన్న నాలుగు మచ్చలు చూపించారు. నాకు కూడా పెట్టారు, నేను బతికి లేనా అన్నారు. మరి మీ పురుగులు పోయాయా అని అడిగాను. ఆయన చొక్కా దించుకుని, ఆసుపత్రి మందు నువ్వు వేసి చూశావు కదా, ఇక మా మాట కూడా ఒకసారి విను అన్నారు. నిజంగానే వేసి చూశాను. నిజంగానే తగ్గలేదు. కాలిన పసుపుకొమ్ము నా కొడుకు పొట్ట మీద చర్రుమనడం పగలే నా చెవుల్లో వినిపించేది, అయినా ఆపడానికి నా దగ్గర ఒక్క మాట మిగల్లేదు.

ముసలాయన సంత పని మీద అనకాపల్లి వచ్చిన రోజు మా ఇంటికి పిలిపించారు. మిట్టమధ్యాహ్నం. వసారాలో కుంపటి రాజేసి, నిప్పుల్లో పసుపుకొమ్ము పెట్టి కూర్చున్నాడు. మా అత్తగారు సూరిని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని రెండు చేతులూ పట్టుకుంది. మా ఆయన కాళ్ళ దగ్గర. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను, అడ్డం పడాలా, కళ్ళు మూసుకోవాలా తెలియక. వాడు గింజుకోలేదు. ఆముదం రోజుల నుంచీ వాడికి పట్టుబడడం అలవాటైపోయింది. తల వెనక్కి వాల్చి వాళ్ళ మామ్మ ముఖంలోకి చూశాడు.

"మామ్మా, నాకయ్యేక నీకెడతారేటి?" అని అడిగాడు.

"నాకెందుకురా?"

"నువ్వూ గోక్కుంటావు కదేటి. రోజూ పక్క మీద గోక్కుంటావు. నాకంటే ఎక్కువ గోక్కుంటావు."

ముసలాయన నిప్పులు కదుపుతూ తల వంచుకున్నాడు. మా ఆయన వాడి కాళ్ళు వదిలేశారు. నేను మా అత్తగారినే చూస్తున్నాను. ఆమె ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. వాడి చేతుల మీద ఆమె పట్టు సడలింది. నెమ్మదిగా వాణ్ణి లేపి కూర్చోబెట్టి, లాగు సరిచేసింది.

"ఎల్లిపో బాబూ. ఈడికొద్దు," అంది ముసలాయనతో. అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేను వెనకే వెళ్ళాను. ఆమె రోలు పక్కన గోడవైపు తిరిగి కూర్చుంది. నేను అడగకముందే తనే చెప్పింది.

"ఆ పొట్లాలు మింగనేదు. కొంగున కట్టుకుని కాలవలో పారేసేను."

"ఎందుకత్తా?"

"నాకున్నాయని తెలిత్తే నా పక్కలో పిల్లల్ని పడుకోనిత్తావేటి? నా సేతి ముద్ద తిననిత్తావేటి?"

ఇక్కడ నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది. వెయ్యలేదు. ముందు కోపమే వచ్చింది, అరికాలి నుంచి నెత్తికెక్కింది. ఉడకబెట్టిన బొంతలు, వసారాలో ముక్కవాసన, కరిగిన బొంగరం, నేను వాసన చూసి దెబ్బలు వేసిన ఆ చిన్న చేతులు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దదని కూడా చూడలేదు. ఎప్పటినుంచి ఉన్నాయని అడిగితే, ఎప్పటినుంచో అంది, ఈ వయసులో ఎవరితో చెప్పుకోను అంది. ఆసుపత్రి వరండాలో ఆ కాంపౌండరు ముందు నేను ఎంత మెల్లగా మాట్లాడానో అప్పుడు గుర్తొచ్చింది. అక్కడితో నా నోరు ఆగింది.

సాయంత్రం వెళ్ళి ముసలి డాక్టరుగారి దగ్గర మళ్ళీ పొట్లాలు కట్టించుకొచ్చాను. ఈసారి అందరం వంటింట్లో వరసగా కూర్చుని మింగాం. మా అత్తగారు నా ముందే మింగి, నోరు తెరిచి నాలుక చూపించింది. అంత పని నేను అడగలేదు. రెండు వారాలకు మళ్ళీ అలాగే.

మార్గశిరం

పురుగులు పోయాయి. ఒక నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, రాలేదు. సూరి మళ్ళీ మొద్దునిద్ర పోతున్నాడు. బుగ్గలు వస్తున్నాయి. బడిలో కూర్చుంటున్నాడని మాస్టారే చెప్పారు. మా ఆయన ఏటికొప్పాక వైపు వెళ్ళే బండివాడితో చెప్పి కొత్త బొంగరం తెప్పించారు. నాతో నేరుగానే మాట్లాడుతున్నారు.

కానీ ఇంట్లో ఇంకొకటి కూడా పోయింది. ఆ రోజు నుంచి మా అత్తగారు తన చాప వెనక వసారాలోకి మార్చుకుంది. పిల్లలకు ముద్దలు పెట్టడం మానేసింది. రండత్తా, ఇంకేమీ లేవు కదా అని చెప్పి చూశాను. ఆ బొటనవేలి గోరు ఒక్కటి తీయించుకుంటే సరిపోతుంది, డాక్టరుగారు చెప్పినట్టు చెయ్యి కడుక్కుని పెడితే చాలు అన్నాను. ఆమె ఆ చెయ్యి కొంగులో దాచుకుని, ఈ గోరు నేపోతే ముల్లెలా తీత్తాను అని, చాప మీద అటు తిరిగి పడుకుంది. ముద్దలే పెట్టని మనిషికి ముల్లు తీసే గోరెందుకో నాకు అర్థం కాలేదు. బుజ్జి నా చేత్తో తినదు. సూరి నాలుగు మెతుకులు కొరికి లేచిపోతాడు. జబ్బు తగ్గిందని సంతోషించనా, ఇల్లు ఇలా అయిందని ఏడవనా అని రోజూ దీపాల వేళ వేసారిపోయేదాన్ని. చచ్చే జబ్బు కాదు అన్నవాళ్ళను ఆ వేళప్పుడు తీసుకొచ్చి మా వంటింట్లో కూర్చోబెట్టాలనిపించేది.

కొత్త బెల్లం దిగింది. వీధంతా మళ్ళీ తియ్యటి వాసన. మార్గశిర లక్ష్మివారం. ఆ నెలలో ఆ వారం మా వైపు అమ్మవారిది. మా అత్తగారు తెల్లవారకుండానే లేచి ఇల్లు కడిగి, ముగ్గులు పెట్టి, పూజ చేసింది. ఆవేళ ఇంట్లో తల దువ్వుకోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, చీపురు కూడా చూసి పట్టుకోవాలి. సాయంత్రం నేను దీపం పెట్టి, పప్పన్నం కలిపి బుజ్జిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసింది. ఇంకొకటి పెట్టాను, చేత్తో తోసేసింది. నా చెయ్యి దెబ్బకు లేచింది కూడా. వెనక వసారాలోంచి మా అత్తగారు చూస్తూనే ఉంది.

ఆమె లేచి వచ్చింది. నా ఎదురుగా చతికిలబడి, కుడిచెయ్యి నా ముందుకు చాపింది.

"బ్లేడు తే," అంది.

నేను సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను. "ఈయేల లచ్చివారం అత్తా. దీపం కూడా పెట్టీసేను," అన్నాను.

"నాకు తెలీదేటి. తీసీ. పిల్లలు ఆకలంటన్నారు."

లేచి మా ఆయన బ్లేడు తెచ్చాను. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. గోటి కింద బ్లేడు పెడితే ఆమె చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆ పొడుగాటి గోరు తెగి నా ఒళ్ళో పడింది. మిగిలిన తొమ్మిదీ తీసేదాకా ఆమె అలాగే కూర్చుంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, నా చేతిలోంచి గిన్నె అందుకుంది. సూరి పిలవకుండానే వచ్చి ఆమె ఎడమవైపు కూర్చున్నాడు. నేను ఇంకా బ్లేడు పట్టుకుని నిలబడి ఉంటే, చూస్తావేటి, ఆడికి కొత్త బెల్లం ముక్క తే అని నా మీద కసురుకుంది.